కుంట తవ్వేముందు ఒక పెద్ద వానలో చేను చుట్టూ తిరగండి

(ఎర్ర నేల, చెనిక్కాయ చేను, పై మూలన ఎండిపోయిన కుంట)

నమస్తే అన్నా, నమస్తే అక్కా. ఇదిగో ఇది మా కుంట, చుక్క నీళ్ళు లేవు, నిన్న రాత్రి గట్టి వానే పడింది మళ్ళీ. ఎందుకు నిండలేదంటే తప్పు వానది కాదు, నాది. కింద వైపు పంట ఉంది, పై మూల బీడుగా ఉంది కదా, జేసీబీ ఈజీగా వస్తుందని డబ్బులు పెట్టి అక్కడే తవ్వించేశా. నీళ్ళేమో కింద మూల నుంచి ఎంచక్కా వంకలోకి పోతున్నాయి.

మా అనంతపురంలో ఏడాది మొత్తానికి సగటున సుమారు 550 మిల్లీమీటర్లే వాన, అదీ నాలుగైదు దఫాలుగా దబదబా పడి పోతుంది. కానీ తక్కువని తీసిపారేయకండి, ఒక ఎకరం మీద 1 మిల్లీమీటర్ పడితే దాదాపు 4,000 లీటర్లు. 20 మిల్లీమీటర్లు పడితే 80,000, అంటే 5,000 లీటర్ల ట్యాంకర్లు 16, మీ ఒక్క ఎకరం మీద! అందులో చాలావరకు నేల తాగేస్తుంది, ఐదో వంతు పారిందనుకున్నా 5 ఎకరాల చేను నుంచి ఒక్క వానకి 80,000 లీటర్లు బయటికి పోతాయి, ఒట్టి నీళ్ళు కూడా కాదు, పైమట్టి, మీరు వేసిన ఎరువు అన్నీ కలిపి. వంకలో ఎర్రగా పారేది అదే.

ఇప్పుడు సాయం ఎక్కడ దొరుకుతుందో చెప్తా. ఉపాధి హామీ అనగానే రోడ్డు పక్క మట్టి పనే గుర్తొస్తుంది మనకి, కానీ సొంత పొలంలో కూడా సేద్యపు కుంట, గట్లు, కందకాలు చేయించుకోవచ్చు, ఎస్సీ, ఎస్టీలకి, 5 ఎకరాల లోపు చిన్న సన్నకారు రైతులకి, ఆడవాళ్ళే కుటుంబం నడిపే ఇళ్ళకి 2005 ఉపాధి హామీ చట్టం ఆ అవకాశం ఇచ్చింది. అసలు ఆ పథకం 2006 ఫిబ్రవరి 2న మొదలైంది మా జిల్లా బండ్లపల్లిలోనే, మనమే వాడుకోకపోతే ఎట్లా? జాబ్ కార్డు, పొలం పాస్‌బుక్, ఆధార్ పట్టుకుని ఊళ్ళో ఉపాధి పనులు చూసే ఫీల్డ్ అసిస్టెంట్‌ని కలవండి, గ్రామసభలో మీ పని లిస్టులో ఎక్కేదాకా వదలొద్దు. 2025 చివర్లో ఆ చట్టం స్థానంలో కొత్తది వచ్చింది కాబట్టి ఈ ఏడాది ఏమేం ఇస్తున్నారో ఎంపీడీఓ ఆఫీసులో ఒకసారి అడగండి. ఉపాధి పని అంటే కూలీలే తవ్వాలి, జేసీబీ కుదరదు, అందుకే నేను పోలేదు, పోయుంటే కనీసం కొలతలు వేసే వాళ్ళు వచ్చి చోటు చూసేవాళ్ళు.

చోటు గురించి మాత్రం ఎవరో వచ్చి చెప్తారని కూర్చోవద్దు. పెద్ద వాన పడేటప్పుడు గొడుగేసుకుని చేను చుట్టూ తిరగండి. నీళ్ళు ఎక్కడ కలుస్తున్నాయి, ఏ మూల గట్టు తెంచుకుని పోతున్నాయి, అక్కడ ఒక కర్ర పాతండి. ఉపాధి పని కొలతల వాళ్ళు సర్వేకి వచ్చినప్పుడు ఆ కర్ర చూపించండి, చాలు.

(నేల మీద కుంట బొమ్మ గీస్తూ)

పైన 10 మీటర్లు, 10 మీటర్లు, లోతు 2 మీటర్లు, గోడలు నిట్టనిలువు కాకుండా ఏటవాలుగా తీస్తే అడుగు 6 బై 6 వస్తుంది, పట్టేది సుమారు 1 లక్షా 30 వేల లీటర్లు. నీళ్ళు లోపలికొచ్చే దారిలో ఒక చిన్న పూడిక గుంత తప్పనిసరి, మట్టి అక్కడే ఆగుతుంది, అది లేకుంటే కొన్నేళ్ళకే కుంట కాస్తా సాసర్ అయిపోద్ది. ఎక్కువైన నీళ్ళు పోవడానికి అలుగు, దాని కింద రాళ్ళు పేర్చాలి. చుట్టూ కంచె, ఎక్కి రావడానికి మెట్లు కూడా, ఇది నవ్వులాట కాదు, పిల్లలు ఈతకని దిగి చనిపోయిన ఊళ్ళు ఉన్నాయి.

కుంట రాకపోయినా పైసా ఖర్చు లేని పని ఒకటుంది, వాలుకి అడ్డంగా దున్నడం. వాలు వెంబడి సాలు తోలితే మనమే నీళ్ళకి రోడ్డు వేసినట్టు.

ఇంకోటి, మట్టి పరీక్ష. ఎరువు వేయకముందే, గట్ల దగ్గర, చెట్ల కింద కాకుండా, చేలో 8, 10 చోట్ల ఇంగ్లీషు వి ఆకారంలో ఆరంగుళాల గుంత తీసి, గోడ వెంబడి పైనుంచి కిందకి పల్చగా చెక్కి ప్లాస్టిక్ బకెట్‌లో వేయండి, ఇనప బకెట్ వద్దు, ఇనుము లెక్క తప్పుతుంది. కలిపి, నీడలో ఆరబెట్టి, నాలుగు భాగాలు చేసి ఎదురెదురు రెండు తీసేస్తూ అర కిలో మిగిల్చి, పేరు, సర్వే నంబరు రాసి రైతు సేవా కేంద్రంలో ఇవ్వండి. మా మామైతే గట్టు పక్కన ఒకే చోట పిడికెడు తీసిచ్చి, పరీక్ష ఫలితాల కార్డు తప్పుడుదని ఏడాదంతా తిట్టాడు.

నా పై కుంటలో ఇప్పుడు పెంట వేస్తున్నా. కర్ర మాత్రం కింద మూలన పాతేశా, గ్రామసభకి ఇంకా పది రోజులుంది.