ప్యాకెట్ వెనక్కి తిప్పి చదవండమ్మా

వ్యాఖ్యాత: తాడిపత్రి నుంచి ఒక అమ్మ లైన్‌లో ఉన్నారు. చెప్పండమ్మా, డైటీషియన్ గారు వింటున్నారు.

కాలర్: నమస్తే మేడమ్. మా పిల్లోడికి బెంగళూరులో ఉద్యోగం. మాంసం, గుడ్లు, పాలు అన్నీ మానేసి ఏడాది దాటింది. ఈసారి సెలవుకొస్తూ అచ్చం మాంసంలా ఉండే బర్గర్ పట్టీలు తెచ్చి ఫ్రిజ్‌లో పెట్టాడు. రాత్రికి అవే రెండు తింటాడు, సంగటి చేసినా ముట్టడు. వాటిలో బలముంటుందా అని నాకు టెన్షన్.

డైటీషియన్: ప్యాకెట్ దగ్గరుందా? వెనక వంద గ్రాములకు ప్రోటీన్ ఎంతో చూడండి.

కాలర్: ఉండండి, అద్దాలు పెట్టుకుంటా... 17 గ్రాములు.

డైటీషియన్: అయితే బలానికి బెంగ లేదమ్మా, ఇంచుమించు మాంసంలో ఉన్నంత ఉంది. సోయా, బఠాణీల నుంచి తీసిన ప్రోటీన్ అది. మాంసంలో లేని పీచు కూడా కాస్త ఉంటుంది. సోడియం?

కాలర్: 400 మిల్లీగ్రాములు.

డైటీషియన్: అంటే ఒక గ్రాము ఉప్పు. ఒక్కో పట్టీ వంద గ్రాములుంటే రెండింటికి రెండు గ్రాములు, బన్నులో, సాస్‌లో ఉండేది వేరే. రోజు మొత్తానికి 5 గ్రాముల లోపే తినమంటోంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. ఇంట్లో బీపీ ఎవరికైనా ఉందా?

కాలర్: మా ఆయనకుంది. వాడు పెడితే ఆయనా తింటున్నారు.

డైటీషియన్: ఆయనకు వద్దమ్మా. చాలా పట్టీల్లో కొబ్బరి నూనె కూడా వేస్తారు, అందులో ఎక్కువగా ఉండేది సంతృప్త కొవ్వు, గుండెకు మంచిది కాని రకం. ఇక అబ్బాయి విషయంలో నా భయం బి12 విటమిన్ గురించి. మనం తినే పప్పులు, కూరగాయల్లో అది దొరకదు, వాడు పాలు కూడా మానేశాడు. బి12 కలిపినట్టు ప్యాకెట్ మీద ఉందా?

కాలర్: ఎక్కడా లేదు మేడమ్.

డైటీషియన్: లివర్‌లో నిల్వ ఉంటుంది కాబట్టి లోటు ఏళ్ల తర్వాత గాని బయటపడదు. చేతులు, కాళ్లు తిమ్మిర్లెక్కేదాకా ఆగొద్దు, అప్పటికే నరాలు దెబ్బతింటూ ఉండొచ్చు. రక్తపరీక్ష చేయించి, డాక్టర్ రాసిన మాత్రలు వాడించండి.

కాలర్: ఇంట్లో చేసిపెట్టేదేమైనా ఉందా?

డైటీషియన్: మీల్ మేకర్ ఉంది కదమ్మా! నూనె తీసిన సోయా పిండితో చేస్తారు. ఎండువి వంద గ్రాముల్లో 50 గ్రాములు ప్రోటీనే. వేడినీళ్లలో నానేసి, నీళ్లన్నీ పోయేలా గట్టిగా పిండి, మిక్సీలో ఒక తిప్పు తిప్పండి. ఉడికించిన ఉర్లగడ్డ, వేయించిన శెనక్కాయ విత్తనాల పొడి కలిపి, తట్టి పెనం మీద కాల్చండి. పైన నిమ్మకాయ పిండితే అందులోని ఐరన్ బాగా ఒంటబడుతుంది. తిన్న వెంటనే టీ ఇవ్వకండి. ఉప్పు ఎంతన్నది మీ చేతిలోనే ఉంటుంది.

కాలర్: వాడు ఆదివారం బస్సెక్కేలోపు రక్తపరీక్ష చేయిస్తా మేడమ్.