జాబుల కట్ట

(కడపలోని స్టూడియోలో జరిగిన పుస్తక చర్చ. పాల్గొన్నవారు: ఒక విశ్రాంత తెలుగు టీచరు, ఒక న్యాయవాది, ఒక డిగ్రీ విద్యార్థిని.)

వ్యాఖ్యాత: నమస్కారం. ఈ నెల మనం చదివింది ఇంగ్లండులో జరిగే చారిత్రక ప్రేమకథ. 1815, వాటర్లూ యుద్ధం జరిగిన ఏడు. మన సి.పి. బ్రౌన్ 1820లో కడపకు ఉద్యోగానికి రాకముందు కుర్రతనంలో చూసిన ఇంగ్లండు ఇదే. పెళ్లి నిశ్చయమైనాక అమ్మాయి తండ్రి దివాలా తీస్తాడు, అబ్బాయి మాట వెనక్కి తీసుకుంటాడు. నాలుగేళ్లకు మళ్లీ వస్తాడు. ఏమ్మా, నువ్వు మొదలుపెట్టు.

విద్యార్థిని: నాకు కోపమొచ్చింది సార్. వాడు మాట తప్పితే ఈమె కిక్కురుమనకుండా వాడు రాసిన జాబులన్నీ కట్టగట్టి పంపించేస్తుంది. నిలదీయను కూడా నిలదీయదు. అంత మెత్తగా ఉంటే ఎట్ల?

టీచరు: మెత్తదనమంటావా? ఆ కట్ట కట్టే పేజీలు ఇంకోసారి చదువు తల్లీ. అప్పట్లో జాబు అందుకునేవాళ్లే మామూలుగా డబ్బు కట్టుకోవాల. స్టాంపు అంటించి పంపడం 1840లో గానీ రాలేదు. ఇంట్లో కొవ్వొత్తులకు కూడా లెక్క చూసుకుంటున్న రోజుల్లో ఆ పిల్ల చిల్లర కూడబెట్టి ఒక్కో జాబూ తీసుకుంది. ఒకదాని మీద లక్కముద్ర విరిగి ఉంటుంది. రాలిన ఆ ముక్కను కూడా ఏరి మడతలో పెడుతుంది. నేనక్కడ పుస్తకం మూసి కాసేపు ఊరకే కూర్చున్నా.

న్యాయవాది: దానికి నేనొక మాట చెప్పల్ల. అప్పటి ఇంగ్లండులో పెళ్లి మాట తప్పినవాడి మీద దావా వేసి నష్టపరిహారం రాబట్టొచ్చు. అయితే దావా వేసిన మనిషి తన తరఫున తాను సాక్ష్యం చెప్పేదానికి లేదు. ఆ వీలు 1869లో వచ్చింది. మరి వాడు మాటిచ్చినాడని రుజువేమి? జాబులే.

విద్యార్థిని: అంటే... కట్ట పంపించేసిందంటే కేసు కూడా వాడి చేతికే ఇచ్చేసినట్టా?

న్యాయవాది: అంతే కదమ్మా. వాళ్ల చిన్నాయన 'దావా వేద్దాం, దావా వేద్దాం' అని ఇంటి చుట్టూ తిరుగుతుంటాడు, ఈమె రాత్రికి రాత్రి పంపించేస్తుంది. ఈ చట్టం సంగతి రచయిత్రి రెండు ముక్కలు చెప్పింటే ఎవరూ ఆ పిల్లను మెత్తనిదనుకోరు. ఆ దావాలు అక్కడ 1970 చట్టంతో గానీ పోలేదు.

వ్యాఖ్యాత: మన దగ్గర తాంబూలాలు మార్చుకున్నాక చెడితే?

టీచరు: మా ఇంట్లోనే చెడింది సార్, మా అక్కకు. వాళ్లు పెట్టిన పట్టుచీరను మా అమ్మ మడత విప్పకుండా, కొంగున పెట్టిన పసుపు అట్లే ఉండగా, ఇత్తడి తట్టలో పెట్టి పంపింది. వీధిలో అబ్బాయిని ఎవరూ ఏమీ అడగలేదు. 'పిల్లలో ఏం లోపముందో' అన్నారు. ఆ జాబుల కట్ట నాకు పరాయి దేశానిదిగా అనిపించలేదు.

విద్యార్థిని: మరి ఆ ముగింపును ఎట్ల ఒప్పుకున్నారు మేడమ్? వాడికి జ్వరమొస్తానే ఈమె కరిగిపోతుంది.

టీచరు: యాడ ఒప్పుకున్నా? వాడికి జ్వరం తెప్పించి, క్షమాపణ అడిగే పని తప్పించింది రచయిత్రి. నాలుగేళ్ల తలవంపులు ఒక్క పలవరింతతో తీరవు.

న్యాయవాది: నేను అట్ల అనుకోను. కట్టకు ఆమె వేసిన ముడి కూడా విప్పకుండా వాడు నాలుగేళ్లు దాచుకున్నాడు. సిగ్గుపడిన మనిషే.

విద్యార్థిని: దాచుకుంటే ఏం లాభం సార్? తెచ్చి ఆమె చేతికివ్వల్ల. 'ఇదిగో, నా మీద దావా వేయాలంటే వెయ్యి' అనల్ల. ఆ సీనుంటే నేనే వాణ్ని క్షమించేదాన్ని.