ముందు స్టాఫ్‌రూమ్‌లో, తర్వాతే తరగతిలో

(విజయవాడలో హైస్కూల్ ఉపాధ్యాయుల ట్యాబ్ సాధన కార్యక్రమంలో చేసిన ప్రసంగ పాఠం)

సార్లకూ మేడమ్‌లకూ నమస్కారం.

బల్లల మీద ఉన్న ట్యాబ్‌లు సాయంత్రం దాకా మీవే. వాటిని ముట్టుకునే ముందు ఒక్క మాట గట్టిగా చెప్పాలి. కొత్త యాప్ ఎంత మంచిదైనా రెండు వారాల పాటు స్టాఫ్‌రూమ్ గడప దాటకూడదు. పిల్లల ముందు మొదటిసారి తెరిచిన యాప్ ఆ రోజు పాఠాన్ని మింగేస్తుంది. లెక్క వేసి చూడండి. పీరియడ్ 45 నిమిషాలు. ట్యాబ్‌లు పంచడానికి ఐదు, మొరాయించిన వాటిని తెరిపించడానికి ఐదు, పాస్‌వర్డ్‌ల గోలకు పది, మళ్లీ లెక్కపెట్టి తీసుకోవడానికి ఐదు. ఇక మిగిలేది 20 నిమిషాలే. ఆ కాస్త సమయంలో సుద్దముక్కతో చెప్పగలిగిన దానికన్నా ఎక్కువ జరగకపోతే ఆ ట్యాబ్ బీరువాలో ఉండడమే మేలు.

యాప్‌లు మనకు కొత్త కాదు. హాజరు, మధ్యాహ్న భోజనం లెక్కలు రోజూ ఎక్కిస్తూనే ఉన్నాం. 2022 డిసెంబర్‌లో ఎనిమిదో తరగతి పిల్లలకూ వాళ్లకు పాఠాలు చెప్పే టీచర్లకూ రాష్ట్ర ప్రభుత్వం ట్యాబ్‌లు ఇచ్చింది కాబట్టి ఆ పరికరమూ కొత్త కాదు. కాకపోతే రికార్డు పనికి వాడే యాప్ తీరు వేరు. హాజరు ఎక్కకపోతే పది నిమిషాలాగి మళ్లీ నొక్కుతాం. పాఠం మధ్యలో తెర ఆగిపోతే మాత్రం నలభై మంది పిల్లలు చేతులు కట్టుకుని కూర్చోరు.

అందుకని ఏ యాప్‌నైనా మొదట ఇలా పరీక్షించండి. దించుకున్నాక ఒకసారి తెరిచి, మూసేసి, ట్యాబ్‌ను ఫ్లైట్ మోడ్‌లో పెట్టి మళ్లీ తెరవండి. తెరుచుకుంటే సగం గెలిచినట్టే. పిల్లలు ఒక్కొక్కరూ ఖాతా తెరవాలని అడుగుతోందా చూడండి. అడిగితే మన పీరియడ్‌కి సరిపడదు. ఓ పావుగంట వాడి, మధ్యలో ప్రకటనలు వస్తున్నాయా చూడండి. ఒక్క ప్రకటన వచ్చినా తీసేయండి, అది పిల్లల్ని ఎక్కడికి తీసుకెళుతుందో మన చేతుల్లో ఉండదు. చివరగా, తెలుగు ఒత్తులూ గుణింతాలూ చెదరకుండా కనిపిస్తున్నాయా చూడండి. ఇదంతా ఒక్కరే చేస్తే చాలదు. ఇద్దరు కూర్చుని, ఒకరు టీచరుగా, ఒకరు ఎనిమిదో తరగతి పిల్లవాడిగా మారి చేయాలి. పిల్లవాడి పాత్రలో ఉన్నవారు తప్పు బటన్లే నొక్కాలి. వెనక్కి వెళ్లే బటన్ రెండుసార్లు నొక్కితే చేసిన పనంతా పోతుందా? తెర అడ్డం తిప్పితే మళ్లీ మొదటికొస్తుందా? ఇవి తరగతిలో తప్పకుండా జరుగుతాయి, స్టాఫ్‌రూమ్‌లోనే బయటపడనివ్వండి.

ఇక నెట్ సంగతి. చాలా ఫోన్లలో హాట్‌స్పాట్‌కి పది పరికరాలకు మించి ఎక్కవు. ఎక్కినా, ఐదు నిమిషాల పాఠం వీడియో సెకనుకు ఒక మెగాబిట్ చొప్పున 37.5 ఎంబీ దాకా లాగుతుంది. 20 ట్యాబ్‌లు కలిపి 750 ఎంబీ. రోజుకు 1.5 జీబీ ప్యాక్ ఉన్న టీచరు ఫోన్‌లో సగం ఒక్క పీరియడ్‌కే పోయింది. మిగతా సగాన్ని చడీచప్పుడు లేకుండా యాప్‌ల అప్‌డేట్లు తినేస్తాయి. ప్లే స్టోర్ తెరిచి, పైన ఉన్న ఖాతా బొమ్మ నొక్కి, సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్ ప్రిఫరెన్సెస్‌కి వెళ్లి ఆటో అప్‌డేట్‌ని ఆపేయండి. ఈ పని ప్రతి ట్యాబ్‌లోనూ విడిగా చేయాలి. పాఠం ఫైళ్లను ఒక ట్యాబ్‌లోకి దించుకుని, అక్కడి నుంచి మిగతావాటికి క్విక్ షేర్‌తో పంపండి. దానికి నెట్ అక్కర్లేదు, వైఫై, బ్లూటూత్ ఆన్‌లో ఉంటే చాలు.

దీక్ష యాప్ 2017 నుంచీ ఉంది. పాఠ్యపుస్తకంలోని క్యూఆర్ కోడ్‌ను స్కాన్ చేస్తే ఆ పాఠానికి చెందిన వీడియోలూ అభ్యాసాలూ తెరుచుకుంటాయి, చూడడానికి లాగిన్ అక్కర్లేదు. స్కాన్ పనిచేయడం లేదని వచ్చే ఫిర్యాదుల్లో చాలావాటికి కారణం పుస్తకమే. అట్ట వేసిన ప్లాస్టిక్ మీద ట్యూబ్‌లైటు మెరుస్తుంది, లేదా కుట్టు దగ్గర కాగితం వంగి కోడ్ సాగినట్టు కనిపిస్తుంది. పేజీని అరచేత్తో చదునుగా అదిమి, ట్యాబ్‌ను జానెడు పైన పట్టుకోండి. అప్పటికీ కుదరకపోతే కోడ్ కింద అచ్చయిన ఆరు అక్షరాల సంకేతాన్ని వెతికే చోట టైప్ చేయండి. తరగతికి కావలసినవి ముందురోజే దించుకుని ఉంచండి. ఇరవై ట్యాబ్‌లలో ఒకేసారి మొదలుపెడితే ఏదీ పూర్తికాదు. ఐదేసి చొప్పున చేయండి.

తెరమీదే ప్రయోగాలు చేయించే ఫెట్ (PhET) గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. సైన్సు, లెక్కల టీచర్లకు ఇంతకన్నా పనికొచ్చేది ఉచితంగా దొరకడం కష్టం. అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయంలో 2002లో కార్ల్ వీమన్ మొదలుపెట్టిన పని ఇది. ఆయన అంతకు ముందు సంవత్సరమే భౌతికశాస్త్రంలో నోబెల్ అందుకున్నవారు. ఇందులో ఒక్కో ప్రయోగమూ ఒక్కో హెచ్‌టీఎంఎల్ ఫైలు. దాన్ని దించుకుంటే నెట్ లేకుండా బ్రౌజర్‌లోనే తెరుచుకుంటుంది. కొన్ని తెలుగులోనూ ఉన్నాయి. తెలుగులో దొరకనివి ఇంగ్లీషులో పెట్టినా ఇబ్బంది లేదు, పుస్తకంలో రెండు భాషలూ ఉన్నాయి కదా.

పదో తరగతి విద్యుత్ పాఠానికి డీసీ సర్క్యూట్ ప్రయోగం తెరవండి. బ్యాటరీ 9 వోల్టులు, బల్బు నిరోధం 10 ఓమ్‌లు అని అందులో ముందే పెట్టి ఉంటాయి. బ్యాటరీ, బల్బు, తీగలు కలిపి అమ్మీటరు పెడితే 0.9 ఆంపియర్లు చూపిస్తుంది. ఇంకో బల్బు శ్రేణిలో కలిపితే 0.45కి పడిపోతుంది, రెండు బల్బులూ మసకబారతాయి. అదే బల్బును సమాంతరంగా కలిపితే బ్యాటరీ దగ్గర 1.8 ఆంపియర్లు. ఇక్కడ ఒక్క క్షణం ఆపి పిల్లల్ని అడగాలి: బల్బు పెరిగితే కరెంటు తగ్గాలి కదా, ఎందుకు పెరిగింది? ఈ ప్రశ్న కోసమే ట్యాబ్ ఇచ్చాం. జవాబు తెరమీద వెతకనివ్వకండి, నోట్‌బుక్‌లో బొమ్మ గీసి రాయమనండి. బల్బు లేకుండా తీగ ఒక్కటే బ్యాటరీ రెండు కొసలకూ కలిపితే తెరమీద మంట వస్తుంది. ప్రతి తరగతిలోనూ పిల్లలు అది చేసి తీరతారు. వద్దనకండి, షార్ట్ సర్క్యూట్ అంటే ఏమిటో అప్పుడే చెప్పేయండి. తర్వాత నిజం టార్చి బ్యాటరీ, నిజం బల్బు బల్ల మీద పెట్టి అదే కొలవండి. అంకెలు కాస్త తేడాగా వస్తాయి. బ్యాటరీకి లోపల కూడా నిరోధం ఉంటుంది, బల్బు వేడెక్కితే నిరోధం మారుతుంది. ఆ తేడా చూపించకుండా ట్యాబ్‌తో పాఠం ముగిస్తే సగమే చెప్పినట్టు.

ఒకే ట్యాబ్ ఉన్న బడికి ప్లికర్స్ అనే క్విజ్ యాప్ సరిపోతుంది. పిల్లలకు నంబర్లు వేసిన కాగితపు కార్డులు, టీచరు చేతిలో కెమెరా. ప్రశ్న అడగగానే ఎ, బి, సి, డి లలో తాము అనుకున్న అక్షరం పైకి వచ్చేలా కార్డు తిప్పి పట్టుకుంటారు. కెమెరా తరగతి మీదుగా ఒకసారి తిప్పితే ఎవరు ఏం చెప్పారో తెలిసిపోతుంది. ఒక్కో కార్డు మీద ఒక్కో బొమ్మ ఉంటుంది కాబట్టి పక్కవాడి కార్డు చూసి తిప్పడం కుదరదు. కార్డులకు లామినేషన్ చేయించకండి, కిటికీ వెలుతురు పడితే మెరిసి కెమెరాకు కనబడవు. మామూలు మందపాటి కాగితం చాలు. నల్లటి గడుల మీద వేళ్లు పడకుండా అంచులు పట్టుకోమని చెప్పాలి. వెనక బెంచీల దాకా అందాలంటే గదిలో వెలుతురు ఉండాలి.

సోషల్ మేడమ్‌లకు ఒక చిన్న పని. గూగుల్ ఎర్త్‌లో మన ప్రకాశం బ్యారేజీని తెరిచి కొలత పనిముట్టుతో ఈ కొస నుంచి ఆ కొసకు పిల్లలచేత కొలిపించండి. 1957లో పూర్తయిన ఆ బ్యారేజీ పొడవు 1223.5 మీటర్లు. పిల్లలకు ఎంత వచ్చిందో, ఎక్కడ పొరపాటు జరిగిందో మాట్లాడుకోవచ్చు. దీనికి నెట్ తప్పదు కాబట్టి ఒక్క ట్యాబ్‌తో చేయండి.

తెలుగు మాస్టార్లు అడిగే మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే: ప్రశ్నపత్రం డీటీపీ సెంటర్లో చేయించాం, ట్యాబ్‌లో తెరిస్తే ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ కలగాపులగంగా వస్తున్నాయి, ఎందుకు? అది అను ఫాంట్లలో టైప్ చేసిన ఫైలు. ఆ ఫాంటు ఉన్న కంప్యూటర్‌లో మాత్రమే తెలుగులా కనిపిస్తుంది, లోపల ఉన్నవి వేరే సంకేతాలు. చదవడానికైతే పీడీఎఫ్ చేయించుకుంటే చాలు. దిద్దుకోవాలంటే, ఏ పరికరంలోనైనా తెలుగు తెలుగులాగే కనిపించే యూనికోడ్‌లోకి మార్పించాలి. మార్చాక ఒత్తులూ, అంకెలూ, కొటేషన్ గుర్తులూ పంక్తి పంక్తీ సరిచూడాలి, ఎక్కువ చెడిపోయేవి అవే. ఇకమీదట అయినా యూనికోడ్‌లోనే చేయమని డీటీపీ వారిని అడగండి. ట్యాబ్‌లో మనమే టైప్ చేయాలంటే గూగుల్ కీబోర్డు జీబోర్డ్‌లో తెలుగు చేర్చుకుని మైకు గుర్తు నొక్కి మాట్లాడవచ్చు. పేరాకు పేరా బాగానే వస్తుంది. ఊళ్ల పేర్లూ మనుషుల పేర్లూ మాత్రం చేత్తో సరిదిద్దాలి.

ఖాతాల దగ్గర జరిగే తప్పు ఖరీదైనది. ట్యాబ్‌లో ఒక టీచరు సొంత గూగుల్ ఖాతా పెడతారు. జూన్‌లో బదిలీ అవుతుంది. తర్వాత ఎవరో పాస్‌వర్డ్ మర్చిపోయి బటన్లతో రీసెట్ చేస్తారు. అప్పుడు ట్యాబ్ పాత ఖాతా అడుగుతుంది, అది లేకుండా తెరుచుకోదు. దొంగతనం జరిగితే పనికొచ్చే రక్షణే మనకు తాళమై కూర్చుంటుంది. బడి పేరుతో ఒక ఖాతా తెరవండి. పాస్‌వర్డ్ కాగితం మీద రాసి, కవరులో పెట్టి అంటించి, ఛార్జి అప్పగించే జాబితాలో ట్యాబ్‌ల వరుస నంబర్లతో పాటు చేర్చండి. రీసెట్ చేయాల్సి వస్తే ముందు సెట్టింగ్స్‌లోకి వెళ్లి ఖాతా తీసేసి, అక్కడి నుంచే రీసెట్ చేయండి. పిల్లల సొంత ఖాతాలు మాత్రం ట్యాబ్‌లలో పెట్టనివ్వకండి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం 18 ఏళ్లు నిండనివారంతా పిల్లలే. వారి వివరాలకు తల్లిదండ్రుల అనుమతి ముఖ్యం. పిల్లల ఫొటోలున్న ట్యాబ్ ఇంకో తరగతికి వెళ్లే ముందు ఆ ఫొటోలు తుడిచేయండి.

పిల్లలు వేరే యాప్‌లోకి జారుకోకుండా యాప్ పిన్నింగ్ ఉంది. సెట్టింగ్స్‌లో భద్రత విభాగంలో ఆన్ చేసి, తీయాలంటే పిన్ అడిగేలా పెట్టండి. ట్యాబ్‌ల వెనక నంబరు అంటించి, ఇద్దరికి ఒకటి చొప్పున రోల్ నంబర్లతో ముడిపెట్టండి. ఏడో ట్యాబ్ ఎప్పుడూ 13, 14 నంబర్లదే. పంచడానికి పోయే ఐదు నిమిషాల్లో సగం దీంతో మిగులుతుంది, గీత పడితే ఎప్పుడు పడిందో కూడా తెలుస్తుంది.

ఛార్జింగ్ గురించి హెడ్మాస్టర్లకు కరెంటు బిల్లు భయం ఉంటుంది. 5100 ఎంఏహెచ్ బ్యాటరీ నిండా ఎక్కడానికి, వృథా కలుపుకున్నా, 25 వాట్-గంటలు చాలు. ఇరవై ట్యాబ్‌లకు కలిపి అర యూనిట్. 15 వాట్ల ఛార్జర్లు ఇరవై కలిపినా 300 వాట్లు, అంటే ఆంపియరున్నర లోపే. ప్రమాదం కరెంటు ఎంత లాగుతుందన్న దానిలో లేదు. ఒక జంక్షన్ బాక్సులో ఇంకో జంక్షన్ బాక్సు గుచ్చి, వదులైన ప్లగ్గు దగ్గర వేడి పుట్టించడంలో ఉంది. గోడ సాకెట్‌కి ఒక్క బాక్సే పెట్టండి. పాత ఫోన్‌ల 5 వాట్ల ఛార్జరు పెడితే నిండడానికి ఐదారు గంటలు పడుతుంది, ట్యాబ్ పాడైందని అనుకుంటారు.

బెజవాడ ఎండ సంగతి వేరే చెప్పాలా! లిథియం బ్యాటరీని 45 డిగ్రీలు దాటిన వేడిలో ఛార్జ్ చేయకూడదు. మేలో తలుపేసిన ఇనప బీరువా లోపల ఆ వేడి సులువుగా దాటిపోతుంది. ఛార్జింగ్ పొద్దున్నే, తలుపు తీసి, ట్యాబ్‌లను నిలువుగా ఎడం ఎడంగా పెట్టి చేయండి. వేసవి సెలవులకు ముందు సగం ఛార్జ్‌తో ఆపి, పూర్తిగా స్విచాఫ్ చేసి దాచండి. సున్నాకు దిగిపోయిన బ్యాటరీని రెండు నెలలు అలాగే వదిలేస్తే మళ్లీ లేవకపోవచ్చు. తెర అంచు పైకి లేచినట్టు కనిపిస్తే లోపల బ్యాటరీ ఉబ్బింది. దాన్ని నొక్కకండి, ఛార్జింగ్ పెట్టకండి, చెత్తబుట్టలో వేయకండి. ఈ-వ్యర్థాలు తీసుకునేవారికి అప్పగించండి. 2024 సెప్టెంబరులో బుడమేరు నీళ్లు సింగ్‌నగర్ వైపు ఎలా వచ్చాయో అందరికీ తెలుసు. మేడ ఉన్న బడిలో ఆ బీరువా పై అంతస్తులోనే ఉండాలి. తడిసిన ట్యాబ్‌ను ఆరిందనుకుని ఛార్జింగ్ పెట్టడం అన్నిటికన్నా పెద్ద పొరపాటు.

ఇక వరండాలోకి వెళదాం. రెండు ట్యాబ్‌లలో ఫైఫాక్స్ ఉంది, ట్యాబ్‌లోని సెన్సార్లతో ప్రయోగాలు చేయించే యాప్ అది. జర్మనీలోని ఆకెన్ సాంకేతిక విశ్వవిద్యాలయం తయారుచేసింది, ఉచితం. ట్యాబ్‌లో లేని సెన్సార్లతో చేసే ప్రయోగాలను అది మసకగా చూపిస్తుంది. ఇప్పుడు మనం చేసేదానికి మైకు చాలు. శబ్దంతో నడిచే స్టాప్‌వాచ్ తెరవండి. టేపు పెట్టి ట్యాబ్‌లను సరిగ్గా 5 మీటర్ల దూరంలో ఉంచుదాం. ఒకరు మొదటి ట్యాబ్ పక్కనే చప్పట్లు కొడతారు, రెండు గడియారాలూ మొదలవుతాయి. ఒక్క క్షణమాగి రెండోవారు తమ ట్యాబ్ పక్కన కొడతారు, రెండూ ఆగుతాయి. రెండు గడియారాల తేడా అంటే శబ్దం 10 మీటర్లు వెళ్లిన సమయం. ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకంలో 22 డిగ్రీల దగ్గర శబ్ద వేగం సెకనుకు 344 మీటర్లని ఉంటుంది. ఇక్కడ 35 డిగ్రీలుంటే దాదాపు 352 రావాలి, అంటే తేడా 0.028 సెకన్లు. వెయ్యోవంతు సెకను పొరపాటు జరిగినా వేగంలో 12 మీటర్లు తప్పుతుంది, కాబట్టి పదిసార్లు చేసి సగటు తీస్తాం. ఫ్యాన్లు ఆపేయండి. రోడ్డు మీద హారన్ మోగినా గడియారం మొదలైపోతే, యాప్‌లో శబ్దం హద్దును కొద్దికొద్దిగా పెంచండి. నలుగురేసి చొప్పున రండి. ఒకరి చేతిలో టేపు, ఒకరి చేతిలో నోట్‌బుక్ ఉండాలి.