తుఫానుకి కొట్టుకొచ్చిన ఓడ

శ్రోతలందరికీ నమస్కారమండి. మాది విజయవాడ, సత్యనారాయణపురం. 13 ఏళ్ళుగా ఇంట్లోనే డీటీపీ పని, అంటే అచ్చుకి పోయే పేజీలు కంప్యూటర్లో తయారుచేసే పని చేసుకుంటున్నా, శుభలేఖలు, కరపత్రాలు, బిల్లు బుక్కులు, స్కూళ్ళ ప్రోగ్రెస్ కార్డులు, పుస్తకాల పేజీలు, ఏదొస్తే అది. ఆ డబ్బుతోనే ఇప్పటికి నాలుగు దేశాలు చూసొచ్చా. నాకిప్పుడు 44, 50 వచ్చేలోపు పది దేశాలు చూడాలని పెట్టుకున్నా. సొంత పని చేసుకుంటూ ఇన్ని ప్రయాణాలు ఎలా కుదిరాయని చాలామంది అడుగుతుంటారు, అది చెప్పాలంటే ముందు ఒక ఊరి సంగతి చెప్పాలి.

చీరాల దాటి చినగంజాం వైపు పోతే సముద్రం పక్కన మోటుపల్లి అని ఒక ఊరుంది. ఇప్పుడు చూస్తే మామూలు పల్లెటూరే, కానీ కాకతీయుల కాలంలో అది పెద్ద రేవు, దేశదేశాల ఓడలు వచ్చి ఆగేవి. గణపతిదేవుడు 1244లో అక్కడ ఒక శాసనం వేయించాడు, మోటుపల్లి అభయ శాసనం అంటారు. అంతకు ముందు రాజులు ఏం చేసేవాళ్ళంటే, ఒక దేశం నుంచి ఇంకో దేశానికి పోయే ఓడ తుఫానుకి దెబ్బతిని మన ఒడ్డుకి కొట్టుకొస్తే అందులో ఉన్న బంగారం, గుర్రాలు, ఏనుగులు, రత్నాలు మొత్తం లాగేసుకునేవాళ్ళు. గణపతిదేవుడు ఏమన్నాడంటే, వీళ్ళు ప్రాణాలకి తెగించి సముద్రం దాటి వస్తున్నారు, నియమం ప్రకారం కట్టాల్సిన సుంకం తప్ప మేం ఇంకేమీ ముట్టుకోం అని రాతి స్తంభం మీద చెక్కించాడు. తర్వాత రుద్రమదేవి రోజుల్లో ఈ తీరానికి వచ్చిన వెనిస్ యాత్రికుడు మార్కో పోలో ఈ రాజ్యాన్ని ముత్‌ఫిలి అన్నాడు, ఇక్కడి నేత బట్ట సాలెగూడులా ఉంటుందని రాశాడు.

ఆ శాసనం గురించి మొదటిసారి ఒక చరిత్ర పుస్తకానికి పేజీలు కట్టేటప్పుడు చదివా, చదవగానే మా నాన్న గుర్తొచ్చాడు.

నాన్న వన్‌టౌన్‌లో ఒక ప్రెస్సులో కంపోజిటర్. సీసం అచ్చులు ఒక్కోటి ఏరి లైను కూర్చేవాడు, ఇంటికొచ్చేసరికి వేళ్ళు నల్లగా ఉండేవి. కంప్యూటర్లు వచ్చాక ఆ పనే లేకుండా పోయింది. తిరుపతి దాటి ఎక్కడికీ వెళ్ళిన మనిషి కాదు. నేనొక ప్రైవేటు సంస్థలో ఆఫీసు పని చేస్తూ, నెలకింత అని వచ్చేది, సరిపోయేదే, కానీ రోజూ సాయంత్రం ఇంటికొచ్చి ఊరికే ఏడుపొచ్చేది, మానేసి సొంతంగా చేసుకుంటానని ఒకరోజు చెప్పా. మా ఆయన సరేనన్నారు గానీ మిగతా అందరూ భయపడ్డారు. నాన్న మాత్రం, ఆరు నెలలు చూడమ్మా, నడిస్తే నడుస్తుంది, నడవకపోతే మళ్ళీ ఉద్యోగం వెతుక్కుందువు గాని, మనింట్లో ఎవరూ నిన్నొక్క మాట అనరు, అది నా పూచీ, అన్నాడు.

అదండీ అభయం అంటే. నువ్వు గెలుస్తావని ఆయన అనలేదు, అది ఎవరైనా అంటారు. ఓడిపోయి వచ్చినా ఒక్క మాట అనమన్నాడు. ఆ మాట లేకపోతే నేను అసలు మొదలుపెట్టేదాన్నే కాదు.

నిజంగానే మొదటి ఏడాది ఓడ ఒడ్డుకి కొట్టుకొచ్చింది. ఒక శుభలేఖలో పెళ్ళికూతురు నాన్నగారి ఫోన్ నంబర్లో ఒక అంకె తప్పు కొట్టా, సరిచూసుకోమని ప్రూఫ్ ఇచ్చా, వాళ్ళు చూసి సరే అన్నారు, అచ్చు ప్లేట్లు వేయించి 800 కార్డులు కొట్టాక బయటపడింది. తప్పు నాది, వాళ్ళు చూసుకోలేదని వాదించలేదు, మొత్తం మళ్ళీ నా ఖర్చుతో కొట్టించి ఇచ్చా, ఆ నెల సంపాదనంతా దానికే పోయింది. ఆ రాత్రి నాన్న పక్కన కూర్చుని, అచ్చులు కూర్చేటప్పుడు అంకెల్ని వెనకనుంచి ముందుకి కూడా చదివేవాళ్ళం అని చెప్పాడు, అంతే, ఇంకేమీ అనలేదు. అప్పట్నుంచి ప్రతి నంబరూ రెండుసార్లు పైకి చదివించుకుంటా, ఒకసారి వెనకనుంచి.

అయితే ఇంట్లోవాళ్ళ అభయం ఒక్కటే సరిపోదు, డబ్బు అభయం కూడా మనమే కట్టుకోవాలి. సొంత పనిలో జీతం ఒకటో తారీఖున రాదు, ఒక నెల 60 వేలు, ఇంకో నెల 9 వేలు. అందుకని ఆరు నెలల ఇంటి ఖర్చు వేరే అకౌంట్లో పెట్టేదాకా నేను ఎక్కడికీ కదల్లేదు, దానికి మూడేళ్ళు పట్టింది. పని ఒప్పుకునేటప్పుడే సగం అడ్వాన్స్ తీసుకుంటా, తెలిసినవాళ్ళైనా సరే, ఎందుకంటే తెలిసినవాళ్ళ దగ్గరే ఎక్కువ ఆగిపోయాయి.

ఇక ప్రయాణాలకి టైం ఎక్కడిది అంటారా, మాకు మూఢాలు ఉన్నాయి కదండీ. మూఢంలో ముహూర్తాలుండవు, ఆషాఢంలో పెళ్ళిళ్ళుండవు, ధనుర్మాసం సంగతి అంతే, ఆ రోజుల్లో మా పని సగానికి సగం పడిపోతుంది. మొదట్లో ఆ ఖాళీ చూస్తే గుండె దడగా ఉండేది, తర్వాత క్యాలెండర్ ముందు పెట్టుకుని చూస్తే తెలిసింది, నాకు సెలవులిస్తున్నది పంచాంగమే అని. ఆషాఢం అంటే మనకి వానలు కానీ అదే జూలైలో బాలీలో ఎండాకాలం, వానలుండవు, శ్రీలంకలో కూడా నైరుతి వైపు తడుస్తుంటే తూర్పు తీరంలో ట్రింకోమలీ వైపు పొడిగా ఉంటుంది. ఇది తెలిశాక మూఢం కోసం ఎదురు చూడటం మొదలుపెట్టా.

మొదటి దేశం నేపాల్, ధనుర్మాసంలో. మనవాళ్ళకి రెండు దేశాల మధ్య 1950 ఒప్పందం వల్ల అక్కడికి వీసా అక్కర్లేదు, ఓటరు కార్డున్నా చాలు. విజయవాడ స్టేషన్లో రాప్తీసాగర్ ఎక్కి గోరఖ్‌పూర్‌లో దిగి, అక్కణ్ణించి బస్సులో సరిహద్దు ఊరు సునౌలీ, సునౌలీలో గేటు దాటి నడిచిపోవడమే. నడుస్తూనే ఇంకో దేశంలోకి వెళ్ళిపోయా అంటే ఇప్పటికీ నాకు ఆశ్చర్యమే. అక్కడ గడియారం మనకంటే 15 నిమిషాలు ముందుంటుంది. లుంబినిలో అశోకుడి స్తంభం దగ్గర నిలబడ్డప్పుడు మన అమరావతి శిల్పాలు గుర్తొచ్చాయి, మాయాదేవి కల, బుద్ధుడి పుట్టుక, కృష్ణ ఒడ్డున మనవాళ్ళు రాతిలో చెక్కిన ఆ పుట్టుక జరిగిన చోట నేను నిలబడి ఉన్నా. ఫోన్ చేసి నాన్నకి చెప్పా. ఎంతసేపూ మాట్లాడకుండా విన్నాడు, చివర్లో చలిగా ఉందా అని అడిగాడు.

కాగితాల గురించి రెండు ముక్కలు, ఎందుకంటే సొంత పని చేసుకునేవాళ్ళు ఎక్కువగా ఇక్కడే ఆగిపోతారు. ఉద్యోగస్తులు వీసాకి వెళ్తే ఆఫీసు లెటర్ చూపిస్తారు, మనకి లెటర్ ఎవరిస్తారు? మనం ఎవరమో మన కాగితాలే చెప్పాలి. చిన్న వ్యాపారాలకి ప్రభుత్వం దగ్గర చేయించుకునే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉచితం, ఆధార్, పాన్ ఉంటే ఆన్‌లైన్‌లో మనమే చేసుకోవచ్చు, బయట డబ్బులు అడిగితే ఇవ్వకండి. పన్ను పడకపోయినా ఏటా ఐటీ రిటర్న్ వేయండి, వచ్చిన డబ్బు చేతిలో ఉంచుకోకుండా బ్యాంకులో వేయండి, వీసా ఇచ్చేవాళ్ళు చూసేది ఆ స్టేట్‌మెంటే. పాస్‌పోర్టులో ఇంటిపేరు పొడి అక్షరంగా కాకుండా పూర్తిగా రాయించుకోండి, ఒక్క పేరే ఉన్న పాస్‌పోర్టులకి 2022 నవంబర్ నుంచి దుబాయ్ లాంటి చోట్ల టూరిస్ట్ వీసాలు ఆపేశారు, మన తెలుగువాళ్ళకి ఈ ఇబ్బంది మరీ ఎక్కువ. పాస్‌పోర్టు గడువు కనీసం ఆరు నెలలు మిగిలుండాలి.

పెద్ద కోరిక పెట్టుకుంటే దానికో అంకె ఉండాలని నాకు పర్వతారోహకుడు మల్లి మస్తాన్ బాబుని చూసి అర్థమైంది. నెల్లూరు జిల్లా పల్లెటూరి నుంచి వచ్చి, ఐఐటీ, ఐఐఎం చదివి, 2006లో ఏడు ఖండాల్లో ఏడు ఎత్తైన శిఖరాలూ 172 రోజుల్లో ఎక్కేశాడు. 2015లో ఆండీస్ పర్వతాల్లోనే చనిపోయాడు. కొన్ని దారుల్లో ఏ రాజూ అభయం ఇవ్వలేడు, అది తెలిసీ వెళ్ళిన మనిషి ఆయన, తలుచుకుంటే ఇప్పటికీ గొంతు పట్టేస్తుంది. నా పది దేశాలు ఆ కొండల ముందు ఎంత, అయినా అంకె రాసి గోడకి పెట్టుకున్నాకే నేను రూపాయి దాచడం మొదలుపెట్టా.

అసలు ఇవాళ నేను మాట్లాడతానని ఒప్పుకుంది ఇంకో సంగతి కోసం. మాకు తెలిసిన ఒకబ్బాయి, అప్పు చేసి బయటి దేశం వెళ్ళాడు, పని కుదరక ఏడాదిన్నరకి తిరిగొచ్చేశాడు. ఎయిర్‌పోర్టు నుంచి ఇంటికొచ్చిన రోజు నుంచి కనపడ్డ ప్రతివాళ్ళూ, ఏరా వచ్చేశావేంటి, ఎంత పోయింది, మళ్ళీ ఎప్పుడు వెళ్తావ్, ఇవే అడగటం. పెళ్ళిళ్ళకి రావడం మానేశాడు, పగలు బయటికి రావడం మానేశాడు. వాడి దగ్గర లాక్కోడానికి సరుకేమీ లేదండీ, పరువొక్కటే మిగిలింది, దాన్ని కూడా మనం లాక్కుంటున్నాం. గణపతిదేవుడి కంటే ముందున్న రాజులు చేసింది ఇదే కదా. మీ ఇంట్లో, మీ వీధిలో ఇలాంటి పిల్లలుంటే దయచేసి ముందు అన్నం తిన్నావా అని అడగండి, ఎంత పోయిందన్నది తర్వాత ఎప్పుడైనా వాడే చెప్తాడు.

వాడికి వంట బాగా వచ్చు, అక్కడ నేర్చుకున్నాడు. వాళ్ళమ్మ, నేను కూర్చోబెట్టి మాట్లాడాం, చిన్న వ్యాపారాలకిచ్చే ముద్రా లోన్‌లో శిశు అనే రకం కింద 50 వేల వరకు ఇస్తారని బ్యాంకుకి తీసుకెళ్ళా. పోయిన నెల సందు చివర కర్రీ పాయింట్ పెట్టాడు, గోంగూర పప్పు, దొండకాయ వేపుడు, సాయంత్రం ఏడింటికల్లా అయిపోతున్నాయి. బోర్డు నేనే చేసిచ్చా. ఫోన్ నంబర్ దగ్గరికొచ్చేసరికి వాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని పైకి చదవమన్నా, ఒకసారి ముందునుంచి, ఒకసారి వెనకనుంచి. ఎందుకు పిన్నీ అన్నాడు. మా తాతగారి ప్రెస్సులో అలవాటులే, అని మా అమ్మాయి లోపల్నుంచి చెప్పింది.