డెలవేర్ నదికి ఇవతలి ఓటు

సభకు నమస్కారం. వేదిక మీది పెద్దలకు, గ్రంథాలయ సిబ్బందికి, పరీక్షలు దగ్గర పడుతున్నా వచ్చి ముందు వరసలో కూర్చున్న డిగ్రీ పిల్లలకు నమస్కారం. చిన్నప్పుడు ఈ గదిలోనే మా నాన్నగారి పక్కన కూర్చుని పేపరు చదవడం నేర్చుకున్నాను. కిటికీ దగ్గర ఆ పొడుగు బల్ల ఇప్పటికీ ఉంది. దాన్ని చూడగానే కడుపు నిండిపోయింది. మిగతా మర్యాదలకు ఏమీ అనుకోకండి, టైము తక్కువ, చెప్పాల్సింది చాలా ఉంది.

గ్రంథాలయ వారోత్సవాల కరపత్రంలో నా ప్రసంగానికి "అమెరికా ఎన్నికల విధానం" అని పేరు వేశారు. నేను చెప్పేది నా ఓటు సంగతి. పాతికేళ్లు న్యూజెర్సీలో ఉండి నిరుడు తెనాలి తిరిగొచ్చాను. 2024 నవంబరు 5న అక్కడ ఎన్నిక అయిన దగ్గర్నుంచి కూరగాయల మార్కెట్లో కూడా ఒకటే ప్రశ్న. "ఏమ్మా, అక్కడ తక్కువ ఓట్లు వచ్చినవాడు కూడా ప్రెసిడెంటు అవుతాడటగా?"

అవుతాడు. 1824, 1876, 1888, 2000, 2016. ఐదుసార్లు అయ్యారు. చివరి రెండుసార్లు నేను అక్కడే ఉన్నాను. 2000లో అల్ గోర్‌కు దేశం మొత్తం మీద 5 లక్షలకు పైగా ఎక్కువ ఓట్లు వచ్చాయి. ఫ్లోరిడాలో 537 ఓట్ల తేడాతో బుష్ ప్రెసిడెంటు అయ్యారు. 60 లక్షల మందికి దగ్గరగా ఓటేసిన రాష్ట్రంలో 537! మన వీధిలో ఉన్నంత మంది.

ఎలా అంటే, అక్కడి జనం వేసే ఓటు నేరుగా అభ్యర్థికి పడదు. ప్రెసిడెంటును ఎన్నుకునే ఎలక్టర్లు రాష్ట్రాల వారీగా ఉంటారు, మొత్తం 538 మంది. 270 వస్తే గెలుపు. మెయిన్, నెబ్రాస్కా తప్ప మిగతా 48 రాష్ట్రాల్లో ఒక్క ఓటు ఎక్కువ వచ్చినా ఆ రాష్ట్రం ఎలక్టర్లంతా ఆ అభ్యర్థికే. ఓడినవాళ్ల ఓట్లకు ఒక్క ఎలక్టరు కూడా రాడు. 2020లో కాలిఫోర్నియాలో ట్రంప్‌కు 60 లక్షల ఓట్లు వచ్చాయి. ఆయన గెలిచిన టెక్సస్‌లో కూడా అన్ని రాలేదు. ఆ 60 లక్షల మంది ఆ రోజు ఇంట్లో కూర్చున్నా ఫలితం అదే. నేను ఏ పార్టీకి వేస్తానో మీకు అనవసరం. ఈ నష్టం రెండు పార్టీల వాళ్లకూ ఉంది, అది గమనించండి.

ఇక నా సంగతి. మా ఇల్లు ట్రెంటన్ దగ్గర. ట్రెంటన్ పక్కనే డెలవేర్ నది. వంతెన దాటితే పెన్సిల్వేనియా. మా తమ్ముడి ఇల్లు అటు, బక్స్ కౌంటీలో. కారులో అరగంట. పప్పుచారు పెట్టి డబ్బాలో పోసుకుని వెళ్తే ఇంకా పొగలు కక్కుతూ ఉండేది. ఒకే అమ్మ కడుపున పుట్టాం, ఒకే ఏడాది పౌరసత్వం తీసుకున్నాం, ఒకే రకం ప్రమాణం చేశాం. 2016లో మా ఇద్దరికీ అది మొదటి ప్రెసిడెంటు ఎన్నిక.

ఆ అక్టోబరులో వాడింటికి వెళ్తే వంటింట్లో మూల ఒక బియ్యం సంచి. సోనా మసూరి, ఇరవై పౌండ్లది. అందులో బియ్యం లేవు, పోస్టులో వచ్చిన ఎన్నికల కార్డులు. దళసరి నున్నటి కాగితం, ఒక్కోటి పళ్లెమంత. మా మేనకోడలు వాటిని పారేయకుండా దాస్తోంది, సంచి మూతి దాకా నిండింది. నేనున్న రెండు గంటల్లో తలుపు మూడుసార్లు కొట్టారు. మూడోసారి వచ్చిన కుర్రాడు చలికి వణుకుతున్నాడు. తమ్ముడు లోపలికి పిలిచి టీ ఇచ్చాడు. ఆ కుర్రాడు వచ్చింది ఎక్కడినుంచో తెలుసా? మా న్యూజెర్సీ నుంచే! మా ఊళ్లో తలుపులు కొట్టి లాభం లేదని నది దాటి వచ్చాడు.

నా ఇంటి పోస్టు డబ్బాలో ఆ సీజను మొత్తం మీద ప్రెసిడెంటు ఎన్నిక గురించి వచ్చిన కాగితం ఒక్కటంటే ఒక్కటి లేదు. తలుపు కొట్టినవాడు లేడు. నాకు ఏం కావాలో, నాకు దేనికి భయమో అడిగినవాడు లేడు. ఎందుకంటే న్యూజెర్సీ ఎటు పోతుందో అందరికీ ముందే తెలుసు.

పోలింగు రోజు స్కూలు జిమ్ములో లైన్లో నిలబడి వేశాను. "నేను ఓటేశాను" అని స్టిక్కరు ఇచ్చారు. అపురూపంగా తెచ్చి పోపుల డబ్బా మూత మీద అంటించాను. రాత్రి 8 గంటలకు పోలింగు ముగిసింది. ముగిసిన నిమిషానికే టీవీలో మా రాష్ట్రానికి గెలిచిన పార్టీ రంగు పూసేశారు. నేను నొక్కిన మీట ఇంకా ఎవరూ లెక్కపెట్టలేదమ్మా! అవతల పెన్సిల్వేనియా కోసం దేశమంతా అర్ధరాత్రి దాటాక కూడా మేలుకొని ఉంది. అక్కడ చివరికి తేలిన తేడా 44 వేల చిల్లర. పెన్సిల్వేనియా, మిచిగన్, విస్కాన్సిన్ మూడూ కలిపినా 78 వేల లోపే. దేశం మొత్తం మీద హిల్లరీ క్లింటన్‌కు 28 లక్షల పైచిలుకు ఎక్కువ వచ్చినా ట్రంప్ చేతిలో ఓడిపోయారు. పొద్దున తమ్ముడు ఫోన్ చేసి, "అక్కా, నువ్వు కూడా ఇటు వచ్చెయ్యాల్సింది" అన్నాడు. వాడు మామూలుగానే అన్నాడు. నాకు మాత్రం ఏడుపొచ్చింది. గెలుపోటములకు కాదు. ఓటు వేయడానికి కూడా ఇల్లు మారాలా అని.

ఈ ఏర్పాటు ఎక్కడ పుట్టిందో చెప్పాలి. అదే డెలవేర్ నది ఒడ్డున, దిగువన ఉన్న ఫిలడెల్ఫియాలో, 1787లో రాజ్యాంగం రాసిన సభలో. జనమే నేరుగా ఎన్నుకోవాలని జేమ్స్ విల్సన్ అన్నారు. అలాగైతే దక్షిణాదికి నష్టమని జేమ్స్ మాడిసన్ చెప్పారు. ఎందుకంటే అక్కడి జనంలో చాలామంది బానిసలు, వాళ్లకు ఓటు లేదు. ఎలక్టర్ల పద్ధతిలో ఆ ఇబ్బంది లేదు. ఐదుగురు బానిసలను ముగ్గురిగా లెక్కగట్టి రాష్ట్రానికి సీట్లు ఇచ్చారు, సీట్లను బట్టి ఎలక్టర్లు. మనిషికి ఓటు లేదు, వాడి తల లెక్క మాత్రం యజమాని రాష్ట్రానికి కలిసొచ్చింది. మొదటి 36 ఏళ్లలో 32 ఏళ్లు దక్షిణాదిలోని వర్జీనియా వాళ్లే ప్రెసిడెంట్లు. పిల్లలూ, ఇది మాత్రం రాసుకోండి.

చిన్న రాష్ట్రాల రక్షణ కోసం అని చాలామంది అంటారు. నేను గౌరవించే వాళ్లు కూడా అంటారు. నిజమే, పై సభ అయిన సెనేటులో ప్రతి రాష్ట్రానికీ ఉండే రెండు సీట్లూ ఎలక్టర్ల లెక్కలో కలవడం వల్ల చిన్న రాష్ట్రం వయోమింగ్‌లో 1 లక్షా 92 వేల మందికి ఒక ఎలక్టరు, కాలిఫోర్నియాలో 7 లక్షల 32 వేల మందికి ఒకరు. అయితే వయోమింగ్‌కు మాత్రం ఎవరు వెళ్తున్నారు? వాళ్ల పోస్టు డబ్బా పరిస్థితీ నాలాంటిదే.

మన రాష్ట్రపతిని కూడా నేరుగా ఎన్నుకోం కదా అని ఇందాక బయట ఒకాయన అడిగారు. మంచి ప్రశ్న. మన దగ్గర ఆంధ్రప్రదేశ్ ఎమ్మెల్యే ఓటు విలువ 159, తెలంగాణలో 132, సిక్కింలో 7. జనాభాను బట్టి కట్టిన విలువలు, 1971 లెక్కలే అయినా. చిన్న రాష్ట్రమని అదనంగా తూకం వేయలేదు. పైగా రాష్ట్రం ఓట్లన్నీ కట్టగట్టి ఒకరికే ఇవ్వం. ఇక్కడున్న పెద్దలకు 1969 ఆగస్టు గుర్తుండే ఉంటుంది. రాష్ట్రపతి పదవికి సంజీవరెడ్డి గారు, గిరి గారు పోటీ. మొదటి ప్రాధాన్య ఓట్లతో తేలక రెండో ప్రాధాన్య ఓట్లు కూడా లెక్కించారు. గిరి గారికి 4,20,077, రెడ్డి గారికి 4,05,427. మా నాన్నగారు ఈ బల్ల దగ్గరే పేపరు మీద పెన్సిలుతో కూడికలు వేశారని అమ్మ చెప్పేది.

సరిగ్గా ఆ మరుసటి నెల, 1969 సెప్టెంబరులో, అమెరికా ప్రతినిధుల సభ ఈ ఎలక్టర్ల పద్ధతి ఎత్తేయాలని తీర్మానించింది. 330 మందికి పైగా అవునన్నారు, 70 మంది కాదన్నారు. రిపబ్లికన్ అధ్యక్షుడు నిక్సన్ కూడా సరే అన్నారు. సెనేటులో దక్షిణాది వాళ్లు, చిన్న రాష్ట్రాల వాళ్లు కలిసి మాట్లాడుతూ మాట్లాడుతూ ఓటింగు జరగకుండానే దాన్ని చంపేశారు. అంత దగ్గరికి మళ్లీ ఎప్పుడూ రాలేదు.

ఇప్పుడు కొన్ని రాష్ట్రాలు వేరే దారి పట్టాయి. దేశం మొత్తం మీద ఎవరికి ఎక్కువ ఓట్లు వస్తే వాళ్లకే మా ఎలక్టర్లను ఇస్తామని ఒప్పందం చేసుకున్నాయి. 2007లో మేరీలాండ్ మొదలుపెట్టింది, ఆ వెంటనే మా న్యూజెర్సీ చేరింది. 2024 నాటికి 209 ఎలక్టర్లు పోగయ్యారు. 270 అయితే అమలవుతుంది.

ఈసారి రెండు లెక్కలూ ఒకటే చెప్పాయి కదా, ఇంకా గొడవెందుకు అంటారేమో. ట్రంప్‌కు 312 ఎలక్టర్లు, మొత్తం ఓట్లలోనూ ఆయనే ముందున్నారు. ఎవరి గెలుపూ ఎవరూ ప్రశ్నించనక్కర్లేని ఇలాంటప్పుడే కదా మార్చుకోవాల్సింది!

టైము అయిందంటున్నారు. ఒక్క నిమిషం. విదేశంలో ఉన్న అమెరికా పౌరులు అక్కడ ఆఖరుగా ఉన్న చిరునామా నుంచే ఓటు వేయాలి, అంటే నాది ఇంకా న్యూజెర్సీ ఓటే. సెప్టెంబరు ఆఖర్లో కవరు పట్టుకుని మన పోస్టాఫీసుకు వెళ్లాను. కౌంటర్లో అబ్బాయి తూకం వేస్తూ లోపల ఏముందని అడిగాడు. ఓటు అన్నాను. "ఇక్కణ్నుంచి వేసినా లెక్కలోకి వస్తుందా మేడమ్?" అన్నాడు. లెక్కపెడతారు బాబూ అని చెప్పి, రసీదు తీసుకుని వచ్చేశాను.