చుక్క తర్వాత ఎడం

అందరికీ నమస్కారం.

టైపు నేర్చుకున్న మొదటి వారంలో నాకు చెప్పిన నియమం ఒకటుంది. కామా తర్వాత స్పేస్‌బార్ ఒకసారి నొక్కాలి, ఫుల్‌స్టాప్ తర్వాత రెండుసార్లు. ఎందుకని నేను అడగలేదు, నేర్పినవాళ్ళూ చెప్పలేదు. టక్ టక్‌మని రెండు దెబ్బలు పడితేనే వాక్యం పూర్తయినట్టు ఉండేది. చాలా ఏళ్ళ తర్వాత పుస్తకాల పేజీలు కట్టే పనిలోకి వచ్చాను. అక్కడ ఆ రెండో దెబ్బ మానుకోవడానికి నాకు దాదాపు ఏడాది పట్టింది. తల ఒప్పుకున్నా బొటనవేలు ఒప్పుకోలేదు. ఈ రోజు మాట్లాడబోయేది ఆ రెండో దెబ్బ గురించి. ఆ తర్వాత, నన్ను ఇంకా ఎక్కువ బాధపెట్టే మరో విషయం గురించి.

రెండు స్పేసుల అలవాటు టైప్‌రైటర్‌తోనే పుట్టిందని చాలామంది అంటారు. నేనూ అలాగే అనుకునేవాణ్ణి. నిజానికి వాక్యాల మధ్య వెడల్పాటి ఎడం అంతకంటే పాతది. 19వ శతాబ్దంలో అచ్చయిన ఇంగ్లీషు పుస్తకాలు తెరిచి చూస్తే, చాలావాటిలో మాటల మధ్య సన్నటి ఎడం, వాక్యాల మధ్య దానికి రెండు మూడింతల ఎడం కనబడతాయి. అప్పట్లో ఖాళీ అంటే చేత్తో పట్టుకోగల వస్తువు. అక్షరం లాగే అదీ సీసపు ముక్కే. కాకపోతే అక్షరం కంటే ఎత్తు తక్కువ కాబట్టి దానికి సిరా అంటదు, కాగితం మీద తెల్లగా మిగిలిపోతుంది. ఆ ముక్కలను ఏరి వరుసలుగా పేర్చే కంపోజిటర్ ముందు ఇవి రకరకాల వెడల్పుల్లో ఉండేవి. టైపు సైజు ఎంతో అంత వెడల్పున్న ముక్కను ఎమ్ అనేవారు. మాటల మధ్య మామూలుగా వేసేది అందులో మూడో వంతు. వాక్యం ముగిసిన చోట చాలామంది నిండు ఎమ్ ఒకటి పెట్టేవారు. ఎంత ఎడం కావాలో అంత ముక్క ఏరుకునే వీలు వాళ్ళకు ఉండేది. ఆ పనితనం నాకు చాలా ఇష్టం. ఈనాటి స్పేస్‌బార్‌కు ఆ వీలు లేదు.

అమెరికాలో షోల్స్ అనే ఆయన రూపొందించిన టైప్‌రైటర్‌ను రెమింగ్టన్ కంపెనీ 1874లో అమ్మకానికి తెచ్చింది. ఆ యంత్రంలో ఏ మీట నొక్కినా కాగితం ఒకే దూరం జరుగుతుంది. ఇంగ్లీషులో సన్నటి ఐ అక్షరానికీ, వెడల్పాటి ఎమ్ అక్షరానికీ ఒకే చోటు. ఖాళీకీ అంతే చోటు. ఐ లాంటి సన్నటి అక్షరాల చుట్టూ అప్పటికే బోలెడంత తెలుపు ఉంటుంది కాబట్టి, వాక్యం చివర ఒక్క స్పేస్ పెడితే అది పెద్దగా తెలియదు. అచ్చు పుస్తకంలో లాంటి ఎడం కావాలంటే టైపిస్టుకు ఉన్న దారి ఒక్కటే, రెండుసార్లు నొక్కడం. ఆ యంత్రం మీద అది సరైన పని. అప్పటి టైపిస్టులది తప్పని నేను అనను.

ఆ తర్వాత అచ్చువాళ్ళే మారిపోయారు. 20వ శతాబ్దం సగానికి వచ్చేసరికి ఇంగ్లీషు పుస్తకాల్లో వాక్యాల మధ్య కూడా మాటల మధ్య ఉండేంత ఎడమే మామూలైంది. అచ్చును చూసి నేర్చుకున్న టైపిస్టులు మాత్రం పాత అలవాటును ఇంకో రెండు తరాలు మోశారు.

కంప్యూటర్ వచ్చాక ఆ అలవాటుకు కారణం పోయింది. ఇప్పుడు మనం వాడే ఫాంట్లలో ఎక్కువ భాగం ఒక్కో అక్షరానికి దానికి తగ్గ చోటు ఇస్తాయి. ఫుల్‌స్టాప్ అంటే అక్షరాలు నిలబడే కింది గీత దగ్గర ఉండే చిన్న చుక్క. దాని పైనంతా తెలుపే. ఆ తెలుపు పక్కనున్న స్పేస్‌తో కలిసిపోయి, ఒక్క స్పేసే మాటల మధ్య ఎడం కంటే పెద్దదిగా కనబడుతుంది. రెండోది అక్కర్లేదు.

అక్కర్లేకపోవడమే కాదు, పాడు కూడా చేస్తుంది. పేజీకి రెండు అంచులూ సమంగా రావాలంటే సాఫ్ట్‌వేర్ లైనులో ఉన్న ప్రతి స్పేస్‌నూ కొంచెం సాగదీస్తుంది. రెండు స్పేసులుంటే రెండూ సాగుతాయి, అక్కడ ఒక గుంట పడుతుంది. నాలుగైదు వరుస లైన్లలో ఆ గుంటలు ఒకదాని కింద ఒకటి పడితే పేజీ మధ్యలో తెల్లటి చార దిగుతుంది. ప్రూఫును, అంటే దిద్దడానికి తీసిన అచ్చు కాగితాన్ని, కొంచెం దూరంగా పట్టుకుని కళ్ళు చిట్లించి చూడండి, ఆ చార వెంటనే దొరుకుతుంది.

రెండు స్పేసుల పక్షాన ఉన్నవాళ్ళ మాటలో కూడా న్యాయం ఉంది. కంప్యూటర్‌లో రాసుకోవడానికి వాడే ఈమాక్స్ అనే ప్రోగ్రామ్ మామూలుగా చుక్క తర్వాత రెండు స్పేసులుంటేనే వాక్యం అయిపోయిందని అనుకుంటుంది. ‘డా.’ తర్వాత చుక్క ఉన్నంత మాత్రాన వాక్యం ముగియలేదు కదా. ‘క్రీ.శ. 1450’ లోనూ అంతే. మనిషికి తేలిగ్గా తెలిసే ఈ తేడా యంత్రానికి తెలియడానికి రెండో స్పేస్ పనికొస్తుంది. కంప్యూటర్ శాస్త్రవేత్త డొనాల్డ్ నూత్ తయారు చేసిన, పేజీలు కట్టే టెక్ అనే సాఫ్ట్‌వేర్ ఇంకో దారి పట్టింది. మీరు ఎన్ని స్పేసులు కొట్టినా దానికి ఒకటే లెక్క. వాక్యం చివర ఎడం ఎంత ఉండాలో అదే చూసుకుంటుంది, వద్దంటే మానేస్తుంది. రాసేవాళ్ళు లెక్క గురించి ఆలోచించకుండా పేజీ కట్టేవాళ్ళకు ఆ బాధ్యత అప్పగించడం నాకు నచ్చిన పద్ధతి. వెబ్‌పేజీలు కూడా ఎన్ని స్పేసులున్నా మామూలుగా ఒకటిగానే చూపిస్తాయి.

2018లో అమెరికాలోని స్కిడ్‌మోర్ కాలేజీ పరిశోధకులు 60 మంది విద్యార్థుల కంటి కదలికలను కొలిచారు. చుక్క తర్వాత రెండు స్పేసులుంటే ఆ చోట చదువు కాస్త సాఫీగా సాగింది. ఆ లాభం ముఖ్యంగా తామూ రెండు స్పేసులు కొట్టే అలవాటున్నవాళ్ళకే కనబడింది. అర్థం చేసుకోవడంలో మాత్రం తేడా రాలేదు. పైగా ఆ పరీక్షకు వాడింది టైప్‌రైటర్ తరహా ఫాంటు. దీన్నిబట్టి రెండే గొప్ప అనడం తొందరపాటు. పరిశోధన వ్యాసాలు రాసేవాళ్ళు అనుసరించే ఏపీఏ శైలి గ్రంథం 2009లో చిత్తుప్రతులకు రెండు స్పేసులు మేలంది, 2019 కూర్పులో ఒకటి చాలంది. మైక్రోసాఫ్ట్ వర్డ్ 2020 నుంచి రెండు స్పేసులను తప్పుగా గుర్తు పెట్టడం మొదలుపెట్టింది.

ఇక నన్ను ఎక్కువ బాధపెట్టే విషయానికి వస్తాను. తెలుగు పేజీలు దిద్దుతున్నప్పుడు నాకు ఎక్కువగా కనబడేది రెండు స్పేసులు కాదు. అసలు స్పేసే లేకపోవడం. ‘వచ్చాడు.తర్వాత’ అని చుక్కకు రెండు వైపులా మాటలు అతుక్కుపోయి ఉంటాయి. లేదంటే ‘వచ్చాడు .తర్వాత’ అని ఎడం చుక్కకు ముందుకొచ్చి కూర్చుంటుంది.

ఇంగ్లీషులో ఈ తప్పు జరిగినా పాఠకుణ్ణి ఆదుకోవడానికి పెద్ద అక్షరం ఉంది. కొత్త వాక్యం పెద్ద అక్షరంతో మొదలవుతుంది కాబట్టి కన్ను పట్టేస్తుంది. మన లిపిలో పెద్ద అక్షరం లేదు. వాక్యం ఎక్కడ మొదలైందో చెప్పేవి ఆ చుక్క, దాని పక్క ఎడం మాత్రమే. చుక్క కూడా చిన్నది. ‘ముఖ్యం.’ అని రాసి చూడండి. యవత్తు కింద నుంచి కుడివైపుకు సాగింది, తర్వాత సున్నా, ఆ గుండ్రాల పక్కన చుక్క. దాని తర్వాత ఎడం లేకపోతే చుక్క ఉన్నట్టే తెలియదు. చదివేవారు ఒక వాక్యంలోంచి ఇంకో వాక్యంలోకి తెలియకుండా వెళ్ళిపోయి, అర్థం కుదరక వెనక్కి వస్తారు. పేజీకి పదిసార్లు అలా వెనక్కి రావాల్సి వస్తే పుస్తకం పక్కన పెట్టేస్తారు. తప్పు తమదే అనుకుంటారు కూడా. అది నాకు మరీ కష్టంగా ఉంటుంది.

కంప్యూటర్‌కూ ఇబ్బందే. ‘వచ్చాడు.తర్వాత’ దానికి ఒకే పొడవాటి మాట. లైను చివర చోటు చాలకపోతే మొత్తం కిందికి నెట్టేస్తుంది, పై లైను వదులుగా మిగులుతుంది. చుక్కకు ముందు స్పేస్ ఉంటే ఒక్కోసారి చుక్క ఒంటరిగా కింది లైనులోకి జారుతుంది. ఫ్రెంచివాళ్ళు ప్రశ్నార్థకానికి ముందు ఎడం పెడతారు గానీ, లైను విరగని ప్రత్యేకమైన ఎడం పెడతారు. ఫుల్‌స్టాప్‌కు ముందు వాళ్ళూ పెట్టరు.

దిద్దే పద్ధతి చెబుతాను. ఫైండ్‌లో రెండు స్పేసులు, రీప్లేస్‌లో ఒకటి ఇచ్చి నడపండి. ఒక్కసారితో ఆపకండి. మూడున్న చోట రెండు మిగులుతాయి, లెక్క సున్నా వచ్చేదాకా మళ్ళీ మళ్ళీ నడపాలి. తర్వాత స్పేస్-చుక్క జంటను ఒట్టి చుక్కగా మార్చండి. అతుక్కుపోయిన చుక్కలను మాత్రం ఒక్కొక్కటిగా చూసే దిద్దాలి. అన్నీ ఒకేసారి మారిస్తే ‘క్రీ.శ.’ విడిపోతుంది, ‘3.5’ విరిగిపోతుంది.

ఇంకో జాగ్రత్త. ఒకసారి నేను ఒక కవితల పుస్తకం మీద ఇదే రీప్లేస్ నడిపాను. ఆ కవి స్పేసులతోనే పాదాలను లోపలికి జరిపి రాశారు. క్షణంలో అన్ని పాదాలూ ఎడమ అంచుకు వచ్చేశాయి. అప్పటికే ఫైలు సేవ్ అయిపోయింది. రాతప్రతి పక్కన పెట్టుకుని రెండు రాత్రులు కూర్చుని ఒక్కొక్క పాదాన్నీ దాని చోటికి జరిపాను. అందుకే ముందు ఫైలుకు నకలు తీసుకోండి.

ఇప్పుడు నా పాత ఫైలు ఒకటి తెర మీద పెడుతున్నాను. స్పేసులు చుక్కలుగా కనబడే గుర్తును ఆన్ చేశాను. మొదటి పేరాలో ఎన్ని తప్పులున్నాయో మీరే చూసి చెప్పండి.