రన్‌వే మీద కార్ల పందెం: మర్నాటి బాధ్యత ఎవరిది?

శ్రోతలకు నమస్కారం.

భోగాపురం విమానాశ్రయం ప్రస్తావన వచ్చినప్పుడల్లా విశాఖపట్నంలో ఒక ప్రశ్న వినిపిస్తుంది. పౌర విమానాలన్నీ అటు మళ్ళితే నగరం నడుమనున్న పాత రన్‌వే ఏమవుతుంది? అక్కడ కార్ల పందేలు జరిపితే బాగుంటుంది కదా అని యువ మిత్రులు కొందరు నన్ను అడిగారు. వారి ఉత్సాహాన్ని నేను తేలికగా తీసుకోను. సుమారు మూడు కిలోమీటర్ల తిన్నని దారి, చెట్టూ స్తంభమూ అడ్డురాని మైదానం, చుట్టూ ప్రహరీ ఉంటే వేగమంటే ఇష్టమున్న వారికి మనసు లాగడం సహజమే. ఇది లోకంలో కొత్త కూడా కాదు. మద్రాసు దగ్గర షోలవరంలో రెండవ ప్రపంచ యుద్ధకాలపు విమానపట్టీ మీద దశాబ్దాల తరబడి పందేలు జరిగాయి. అమెరికాలోని క్లీవ్‌లాండ్ నగరంలో, విమానాలు నడుస్తున్న విమానాశ్రయాన్నే ఆ కొద్ది రోజులు మూసివేసి, 1982 నుంచి 2007 వరకు రేసులు నిర్వహించారు.

ఈ రెండింటికీ తేడా ఉంది. షోలవరంలో పందెం ముగిశాక ఆ నేల మీద విమానం దిగే పని లేదు. క్లీవ్‌లాండ్‌లో ఉంది. మన రన్‌వే క్లీవ్‌లాండ్ కోవకు చెందినది, ఎందుకంటే అది నౌకాదళానికి చెందిన ఐ.ఎన్.ఎస్. డేగ స్థావరంలోనిది. పౌర విమానాలు వెళ్ళిపోయినా నౌకాదళ విమానాలకు, హెలికాప్టర్లకు దానితో పని ఉంటుంది. కాబట్టి నేను మాట్లాడబోయేది ప్రధానంగా పందెం రోజు గురించి కాదు, మర్నాటి గురించి.

పందెం రోజు ప్రమాదం అందరికీ కనిపించేదే. గంటకు 200 కిలోమీటర్ల వేగంతో పోయే కారు ఒక్క సెకనులో 55 మీటర్లు దాటుతుంది. పెద్ద రన్‌వే వెడల్పు సాధారణంగా 45 మీటర్లు. అమెరికాలో ఒకప్పటి సైనిక విమానక్షేత్రమైన సీబ్రింగ్‌లో 1966లో అదుపు తప్పిన కారు నలుగురు ప్రేక్షకుల ప్రాణాలు తీసింది. అందుకే జనాన్ని ఎంత దూరంలో నిలబెట్టాలన్నది నిర్వాహకులు ఎలాగూ ఆలోచిస్తారు. మర్నాటి సంగతి అలా కాదు, అది కంటికి ఆనదు.

కంటికి ఆననిది ఎంత పని చేస్తుందో చెప్పడానికి, ధ్వనిని మించిన వేగంతో ఎగిరే ప్రయాణికుల విమానం కాంకార్డ్‌కు జరిగిన ప్రమాదాన్ని మించిన ఉదాహరణ నాకు తెలియదు. 2000 జూలై 25న పారిస్ విమానాశ్రయం నుంచి న్యూయార్క్‌కు కాంకార్డ్ బయలుదేరింది. దానికి అయిదు నిమిషాల ముందు అదే రన్‌వే మీద నుంచి కాంటినెంటల్ సంస్థ విమానం ఒకటి ఎగిరింది. దాని ఇంజను కప్పు నుంచి ఒక టైటానియం పట్టీ ఊడి నేల మీద పడింది. పొడవు 43 సెంటీమీటర్లు, వెడల్పు మూడు సెంటీమీటర్లు, అంతే. కాంకార్డ్ చక్రం దాని మీదుగా పోయింది. టైరు చీలింది. నాలుగున్నర కిలోల రబ్బరు పెళ్ళ లేచి రెక్క అడుగున తగిలింది. ఇంధనపు ట్యాంకు పగిలింది, మంటలు లేచాయి. విమానంలోని 109 మంది, అది కూలిన హోటల్ దగ్గర మరో నలుగురు చనిపోయారు. ఆ తరువాత న్యాయస్థానాలలో వాదం పన్నెండేళ్ళ దాకా సాగింది. 2010లో కాంటినెంటల్ సంస్థకు, దాని మెకానిక్‌కు శిక్ష పడింది. 2012లో అప్పీలు కోర్టు నేరశిక్షను కొట్టివేసింది గాని, నష్టపరిహారపు బాధ్యతను మాత్రం సంస్థ మీదనే ఉంచింది.

ఆ పట్టీ అక్కడ ఉన్నది అయిదు నిమిషాలే, ఎవరికీ తెలియకుండా ఉంది. కార్ల పందెం అలా కాదు. రబ్బరు పెళ్ళలు, నట్లు, అద్దపు ముక్కలు, చక్రం బ్యాలెన్సింగ్ కోసం టైరు షాపులో రిమ్ముకు బిగించే సీసపు బిళ్ళలు రాలతాయని, నూనె కారుతుందని ముందే తెలుసు. ముందే తెలిసిన ప్రమాదం విషయంలో, మాకు తెలియదనే మాట కోర్టులో నిలవడం కష్టం.

పని మరొకరికి అప్పగించామన్న మాట కూడా అలాంటిదే. 2006లో మీరట్ విక్టోరియా పార్కులో ప్రదర్శన జరుగుతుండగా అగ్నిప్రమాదంలో 65 మంది చనిపోయారు. పందిళ్ళు వేసింది గుత్తేదారు కనుక తమకు సంబంధం లేదని నిర్వాహకులు వాదించారు. 2022లో సుప్రీంకోర్టు ఆ వాదాన్ని తోసిపుచ్చి, పరిహారంలో నిర్వాహకులు 60 శాతం, ప్రభుత్వం 40 శాతం భరించాలని తీర్పు చెప్పింది. స్థలంపై అధికారమున్నవారూ, అనుమతి ఇచ్చేవారూ ఈ తీర్పును మనసులో పెట్టుకోవాలని నా కోరిక. మోటారు వాహనాల చట్టం 189వ సెక్షన్ కూడా, ప్రభుత్వపు లిఖిత సమ్మతి లేకుండా బహిరంగ స్థలంలో పందెంలో పాల్గొన్నవారినే కాదు, పందేన్ని జరగనిచ్చినవారినీ శిక్షించవచ్చునంటుంది.

అందువల్ల ఎవరైనా ఇటువంటి ప్రతిపాదన తెస్తే నేను మొదట అడిగేది ఒకే కాగితం. రన్‌వేను తిరిగి అప్పగించే కాగితం. విమానవాహక నౌకల డెక్ మీద నావికులు భుజం భుజం కలిపి వరుసగా నడుస్తూ చిన్న మేకును కూడా ఏరివేస్తారు. ఈ ఊళ్ళో నౌకాదళ కుటుంబాలకు ఆ నడక కొత్త కాదు. పందెం ముగిశాక రన్‌వే ఈ కొస నుంచి ఆ కొస వరకు, పట్టపగలు, అలాగే నడవాలి. ఎవరు నడిచారు, ఏమేమి దొరికాయి, నూనె మరకలు ఎక్కడ కడిగారు, ఏ గంటకు ముగించారు అన్నది రాసి, నిర్వాహకుల తరఫున ఒకరు, స్థావరం తరఫున ఒకరు పేరు రాసి సంతకం చేయాలి. ఆ రెండు సంతకాలు పడేవరకు ఏ విమానమూ దిగకూడదు. పందెం తరువాత విమానానికి జరిగే నష్టాన్ని కూడా బీమా పాలసీలో చేర్చాలి. ఈ షరతులన్నీ టికెట్లు అమ్మకముందే ఒప్పందంలో ఉండాలి.